గుడ్డి దీపం ఎవరి పాపం?

మన దేశంలో అసెంబ్లీలు రెండు రకాలు. ఒకటి నాయకులు కూర్చుని కేకలేసుకునేది. అది నచ్చకపోతే అయిదేళ్లకోసారి క్యూలో నిలబడి, వేలికి సిరా చుక్క పెట్టించుకుని మార్చేసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. రెండోది మోటారు దుకాణాల్లో వుంటుంది. కారు దీపం లోపల గోరంత ప్లాస్టిక్ కొక్కెం విరిగిందని వెళ్లండి, కౌంటరు వెనకాల కుర్రాడు తలైనా ఎత్తకుండా "అసెంబ్లీ మార్చాలండీ" అంటాడు. ఈ అసెంబ్లీని మార్చడానికి ఓటు చాలదు. ఒక్కోసారి నెల జీతం కూడా చాలదు. నా పోట్లాటంతా ఈ రెండో అసెంబ్లీతోనే.

అసెంబ్లీ అంటే ముందరి గాజు, దాని వెనకాల మెరిసే గిన్నె, బల్బు కూర్చునే గూడు, వెలుగుని పైకీ కిందకీ సర్దే మరలు, వెనక మూత, అన్నీ కలిపి కట్టిన ఒకే మూట. ఆ మూట విప్పి అమ్మరు. మీక్కావలసింది అందులో పావలా వస్తువే అయినా మూట మొత్తం కొనాల్సిందే. చారులోకి రెండు రెబ్బల కరివేపాకు అడిగితే, తోట రిజిస్ట్రేషన్ చేయించుకోండి అన్నట్టు! అదైనా కారు కొత్తదైతే. కాస్త పాతదై, అందులోనూ నూటికో కోటికో ఒకటి కనబడే స్పోర్ట్స్ కారైతే, ఆ మూట కూడా దొరకదు. "ఆ మోడల్ రావడం లేదండీ" అని ఒక్క మాటతో సరి.

నవలలు రాసుకునే ఆడదానివి, నీకెందుకమ్మా మోటారు దీపాల గొడవ అంటారేమో. చెప్తాను. రాత్రి ఎనిమిది దాటాక హైవే పక్కన బస్సు దిగి, పిల్లవాడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటబోయే తల్లిని ఒకసారి తలుచుకోండి. దూరంగా ఒకే ఒక్క దీపం వస్తోంది. మోటారు సైకిలు కాబోలు, పక్కనించి పోతుందిలే అనుకుంటుంది. తీరా దగ్గరికొచ్చేసరికి అది కారు. ఆరిపోయిన కన్ను ఆవిడ వైపున వుంది. ఆ తల్లికి ఆ కారు స్పోర్ట్స్ కారా, టాక్సీయా అన్నది అనవసరం. ఆ కారాయన పిసినారా, లేక ఆర్నెల్లుగా దీపం కోసం వూళ్లన్నీ తిరుగుతున్నాడా అన్నది కూడా అనవసరం. కాబట్టి ఇది షోకు కబురు కాదు, మనందరి గొడవ.

మా అమ్మమ్మగారింట్లో లాంతరు వుండేది. చిమ్నీ పగిలితే సంతలో చిమ్నీ కొనేవాళ్లు. వత్తి అయిపోతే మూర వత్తి తెచ్చేవాళ్లు. బుడ్డి చిల్లుపడితే మాటు వేయించేవాళ్లు. నలభై ఏళ్లలో ఆ లాంతరుకి అన్ని భాగాలూ మారాయి, లాంతరు మాత్రం మారలేదు. "చిమ్నీ విడిగా ఇవ్వం, లాంతరు మొత్తం కొనాలి" అని ఏ కోమటాయనైనా అనివుంటే, మా అమ్మమ్మ ఆయన్ని ఆ కొట్లోనే నిలబెట్టి కడిగేసి వుండేది. కుక్కర్‌కి గాస్కెట్ విడిగా దొరుకుతుంది. కుట్టు మిషనుకి సూది, బెల్టు విడిగా దొరుకుతాయి. ఈమధ్య మిక్సీ జారు బ్లేడు అరిగితే జారు మొత్తం కొనమనే దుకాణాలు బయల్దేరాయని మీకూ తెలుసు. జబ్బు ఒకటే. కారు దాకా పోయేసరికి అది ముదిరింది, అంతే.

కార్ల దీపాలకి ఈ రోగం పుట్టుకతో వచ్చింది కాదు. 1940లో అమెరికాలో ఒక మంచి పని జరిగింది. కార్ల కంపెనీలూ, దీపాలు చేసేవాళ్లూ, రాష్ట్రాల అధికారులూ ఒక మాట మీదికొచ్చి, కారు ముందుదీపానికి ఒక కొలత ఖాయం చేశారు. గుండ్రంగా, 7 అంగుళాల అడ్డుకొలతతో, గాజూ గిన్నే ఫిలమెంటూ కలిపి మూసేసిన దీపం. సీల్డ్ బీమ్ అని దానికి పేరు. కారు ఎవరిదైనా దీపం ఒకటే. కోటీశ్వరుడి కారుకీ, గుమాస్తా కారుకీ అదే కన్ను. నడిరాత్రి దారిలో దీపం మాడిపోతే పెట్రోలు బంకులో అడిగితే దొరికేది. పది నిమిషాల పని.

నిజం చెప్పాలంటే అందులో లోటు లేకపోలేదు. ఫిలమెంటు మాడితే గాజుతో సహా పారెయ్యాలి. ఆ లెక్కన అదీ ఒక అసెంబ్లీయే. వెలుగు కూడా అంత గొప్పగా వుండేది కాదు. యూరప్‌లో 1970ల మొదట్లో వచ్చిన హెచ్4 బల్బు అంతకంటే బాగా వెలిగేది, పైగా బల్బొక్కటే మార్చుకుంటే సరిపోయేది. కాని సీల్డ్ బీమ్‌కి ఒక గొప్ప గుణం వుంది. అది ఎక్కడబడితే అక్కడ దొరికేది. ఎవరైనా చెయ్యొచ్చు, ఎవరైనా అమ్మొచ్చు, ఎవరైనా బిగించొచ్చు. పదిమంది చేసేదానికి ధర దానంతటదే దిగుతుంది. ఆ 7 అంగుళాల గుండ్రటి కన్నే మన అంబాసిడర్‌కి వుండేది. జీపుకి వుండేది. బుల్లెట్ మోటారు సైకిలుకీ అదే కొలత. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అయినా దాని కన్ను మాత్రం ఈనాటికీ విజయవాడ ఆటోనగర్లోనో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో అడిగి తెచ్చుకోవచ్చు. ఫ్యాక్టరీకి తాళం పడింది కాని దీపం ఆరలేదు. కొలత పదిమందిదీ కావడం వల్ల వచ్చిన లాభం అది.

తర్వాతేమైంది? 1950ల చివర చిన్న దీపాలు నాలుగు పెట్టుకోవచ్చన్నారు. 1970ల నడుమ నలుచదరపు దీపాలొచ్చాయి. అంతవరకూ ఫరవాలేదు, రెండు మూడు కొలతల్లోనే తిరిగారు. 1983లో అమెరికా ప్రభుత్వం కట్టు విప్పేసింది. బల్బు విడిగా మార్చుకునే వీలుంటే దీపం ఏ ఆకారంలోనైనా వుండొచ్చంది. మరుసటి సంవత్సరం మోడల్‌గా వచ్చిన లింకన్ మార్క్ 7 అనే కారు ఆ దారిన మొట్టమొదట నడిచింది. అక్కణ్నించి ఎవరి కారుకి వాళ్ల కన్ను. గాలి ఒరుసుకుపోయేలా దీపాన్ని వంచొచ్చు, అందువల్ల పెట్రోలు ఆదా అన్నారు. నిజమే. అందంగా వుంటుందన్నారు. అదీ నిజమే. కాని ఒక మోడల్ దీపం ఇంకో మోడల్‌కి పట్టదు. అదే మోడల్‌లో రెండేళ్ల తర్వాతి బండి దీపం ముందటి దానికి పట్టదు. ఎడమది కుడికి పట్టదు. పెళ్లిచూపుల్లో వంక పెట్టే అత్తగార్లున్నట్టు, ఏ దీపానికీ ఏ కారూ నచ్చదు!

గాజు పోయి ప్లాస్టిక్ వచ్చింది. పాలీకార్బొనేట్ అంటారు. రాయి తగిలితే గాజులా పగలదు, బరువు తక్కువ. మంచిదే. కాని ఎండలోని అతినీలలోహిత కిరణాలకి అది పచ్చబడుతుంది. అందుకని పైన ఒక గట్టి పూత వేస్తారు. కొన్నేళ్లకి ఆ పూత అరిగిపోతుంది, దీపానికి పచ్చకామెర్లొస్తాయి. మనవాళ్లు టూత్‌పేస్ట్ పెట్టి తోముతారు. ఆ పూట తళతళలాడుతుంది. మిగిలిన కాస్త పూత కూడా ఆ తోముడులోనే పోతుంది గనక, మళ్లీ పూత వెయ్యకపోతే ఆ పచ్చదనం ముందటికంటే తొందరగా తిరిగొస్తుంది. ఆ ముందరి తొడుగొక్కటే విడిగా అమ్మితే చాలును కదా? చాలామంది అమ్మరు. జిగురుతో అతికించేసి, అసెంబ్లీ అంటారు.

ఇక స్పోర్ట్స్ కార్ల సంగతి. ఈ కారు ముక్కు నేలకి ఆనుకున్నట్టుంటుంది. దీపం ఫలానా ఎత్తుకి తక్కువ వుండకూడదని చట్టం. ముక్కు కిందికి, కన్ను పైకి! ఈ చిక్కు విప్పడానికి కంటికి రెప్ప పెట్టారు. పగలు కన్ను మూసుకుని బానెట్లో కలిసిపోతుంది. చీకటి పడ్డాక మీట నొక్కితే రెప్పతోపాటు కన్ను పైకి లేస్తుంది. పాప్ అప్ దీపాలంటారు. 1935లో కార్డ్ 810 అనే కారుకి మొదటిసారి ఇలాంటి దాపుడు దీపాలు పెట్టారు. విమానం నేల దిగేటప్పుడు వాడే దీపాలు తెచ్చి అందులో అమర్చారు. డ్రైవరు లోపల కూర్చుని చేత్తో మర తిప్పితే అవి బయటికొచ్చేవి. ఇటువంటి దీపాలతో వచ్చిన చివరి కార్ల తయారీ 2004తో ముగిసింది. అంటే ఇప్పుడు అలాంటి కారు ఎవరి దగ్గరున్నా, దానికి తక్కువలో తక్కువ ఇరవై ఏళ్లు నిండినట్టే.

ఇందులో ఒక ముచ్చటైన సంగతి వుంది. 1989లో బయటికొచ్చి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న రెండు సీట్ల బండి మాజ్దా ఎమ్మెక్స్ 5. అమెరికాలో దాన్ని మియాటా అంటారు. దాని మొదటి తరం బండికి రెప్పలున్నాయి. అమెరికాలో అమ్మిన ఆ బండి రెప్ప ఎత్తి చూస్తే లోపల వున్నదేమిటో తెలుసా? అదే 7 అంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్. మన అంబాసిడర్ కన్ను కొలతే! ఒక్కో కంటికి ఒక్కో మోటారు. ఆ మోటారు చెడిపోతే నెత్తిన చిన్న చక్రం లాంటిది వుంటుంది, ఫ్యూజు తీసి దాన్ని చేత్తో తిప్పి రెప్ప ఎత్తుకోవచ్చు. అర్ధరాత్రి దారిలో మోటారు ఆగిపోతే మనిషేం చేస్తాడని ఎవరో ఒక ఇంజనీరు ఒక నిమిషం ఆలోచించాడన్నమాట. ఆ మహానుభావుడెవరో గాని, వాళ్ల ఇంట్లోవాళ్లు అదృష్టవంతులు. అందరూ అలా ఆలోచిస్తే నాకీ వ్యాసం రాసే పని తప్పేది.

మా పిన్ని కొడుకు మిషిగన్‌లో వుంటాడు. ముప్పయ్యేళ్లు దాటిన రెండు సీట్ల కారొకటి కొన్నాడు. కంపెనీ పేరు చెప్పను. ఆ మాటకొస్తే అన్నీ ఒకే తానులో గుడ్డలు. ఒకరోజు వాడి కారుకి కుడి రెప్ప లేవడం మానేసింది. మీట నొక్కితే లోపల మోటారు గుర్రుమని తిరిగే చప్పుడు వినిపిస్తుంది, కన్ను మాత్రం తెరుచుకోదు. దుకాణానికెళితే, "ఈ మోటారు అసెంబ్లీ మార్చాలి, కాని అది తయారీలో లేదు" అన్నారట. మార్చాలి, కాని లేదు! మన డాక్టర్లైనా లేని మందు రాసివ్వరు. పాత బండ్ల గుట్టలున్న యార్డులకి పోతే అక్కడా మోటార్లున్నాయి గాని వాటికీ ఇదే జబ్బు. ఒకే వయసు వాళ్లకి ఒకేసారి మోకాళ్ల నొప్పులొచ్చినట్టు.

చివరికి వాడే దాన్ని విప్పాడు. విప్పి, ఫోనులో నాకు చూపించాడు. ఈ తరహా మోటార్లలో పళ్లచక్రానికీ ఇరుసుకీ మధ్య మూడు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. రెప్ప లేచి ఆగినప్పుడు వచ్చే కుదుపు పళ్లచక్రానికి తగలకుండా దిండ్లలా పనిచేస్తాయి. ఒక్కోటి శనగగింజంత. 1980, 90ల నాటి కొన్ని అమెరికన్ స్పోర్ట్స్ కార్లకి ఇది పేరుమోసిన జబ్బే, పాత కార్లవాళ్లందరికీ తెలుసు. ఏళ్లు గడిచేసరికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి పొడైపోతుంది. చక్రం వట్టినే తిరుగుతుంది, ఇరుసు కదలదు.

"అక్కా, ఇది చూడు. మోటారు నిక్షేపంలా వుంది. చక్రం బాగుంది. వైర్లు బాగున్నాయి. పోయింది ఈ పొడి ఒక్కటే" అన్నాడు.

"మరి ఆ మూడు గింజలూ వాళ్లు అమ్మొచ్చుగా?" అన్నాను.

"వాళ్ల పట్టీలో వాటికి నంబరే లేదక్కా. నంబరు లేనిది లేనట్టే" అన్నాడు.

ఇంతకీ ఆ గింజల్ని చిన్న ఎత్తున తయారుచేసి అమ్ముకునే ఒకాయన దగ్గర్నించి తెప్పించుకున్నాడు. ఒక పూట హోటల్లో భోంచేసినంత ఖర్చయింది. కన్ను తెరుచుకుంది. మూడు శనగగింజల కోసం కారు కారంతా తుక్కుకి పోవలసింది, పేరు తెలియని ఒక చిన్న పనివాడి వల్ల బతికింది. అంగట్లో అన్నీ వున్నాయి, అల్లుడి నోట్లో శని వుంది అని సామెత. ఇక్కడ శని అల్లుడి నోట్లో లేదు, అంగడివాడి పట్టీలో వుంది.

ఇప్పుడు నామీదికి ఎన్ని వాదనలొస్తాయో నాకు తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, స్పోర్ట్స్ కారంటే డబ్బున్నవాళ్ల ఆట వస్తువు, దాని దీపం గురించి పేపరు ఖరాబు చేయడమెందుకని. మన నవలల్లో కథానాయకుడికి స్పోర్ట్స్ కారు ఇవ్వడం రచయిత్రికి పైసా ఖర్చు లేని పని గనక, ఆ కార్లన్నీ జమీందార్లవే అనుకుంటాం. బయట అలా లేదు. పాతబడ్డ స్పోర్ట్స్ కారుని ఎక్కువగా కొనేది మధ్యతరగతి కుర్రాళ్లు. కొత్తది కొనలేక, పాతది కొని, ఆదివారాలు దాని కింద పడుకుని బాగుచేసుకుంటారు. డబ్బున్నవాడికి ఈ బాధ లేదు. వాడు దీపం పోతే కారే మార్చేస్తాడు. పైగా ఇవాళ స్పోర్ట్స్ కారుకి జరిగింది రేపు మీ ఇంటి ముందు చిన్న కారుకి జరుగుతుంది. కొత్త కార్లలో ఎల్ఈడీ దీపాలొస్తున్నాయి. చాలావాటిలో బల్బు మార్చుకునే పనే లేదు, ఎల్ఈడీలు దీపంలోనే కలిసిపోయి వుంటాయి. ఒకటి ఆరితే మళ్లీ మన పాత స్నేహితురాలు అసెంబ్లీయే గతి.

రెండోది, భద్రత. బయటివాళ్లు చేసిన నకిలీ దీపాలు ప్రమాదకరం, అందుకే మేం తప్ప ఇంకెవరూ చెయ్యకూడదని కంపెనీల మాట. నకిలీ దీపం ప్రమాదమే, ఆ సంగతి నేనూ ఒప్పుకుంటాను. గిన్నె వంపు కాస్త తప్పితే వెలుగు రోడ్డు మీద కాక ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. ఇంకో సంగతి కూడా చెప్తాను. మనం రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతాం. అందుకని మన దీపం దించినప్పుడు వెలుగు ఎడమవైపు కాస్త ఎత్తుగా, కుడివైపు తగ్గి పడాలి. అమెరికాలో అంతా తిరకాసు, వాళ్లు కుడి పక్కన నడుపుతారు. అక్కడి పాత దీపం తెచ్చి ఇక్కడి కారుకి బిగిస్తే, ఎదుటివాడికి మిట్టమధ్యాహ్నం చూపించినట్టే. అయితే ఈ దిక్కుమాలిన దీపాల కోసం జనం ఎందుకు ఎగబడుతున్నారు? మంచిది మీరు అమ్మకపోబట్టి! బావికి తాళం వేసి, మురుగు నీళ్లు తాగుతున్నారని వూరిని తిడితే ఎలా?

మూడోది, పాత కార్లు పొగ కక్కుతాయి, వాటిని తుక్కు చెయ్యడమే మేలని. పొగ కక్కేదాన్ని పొగ లెక్క చూసే ఆపండి, నేను అడ్డం రాను. దీపం లెక్కలో ఎందుకు చంపడం? మన చట్టాల తమాషా చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత తనిఖీ చేయించి, అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ తనిఖీలో దీపాలు వెలగాలి. ఇంకోవైపు 2021లో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండి వింటేజ్ అట, దానికి గౌరవంగా వేరే నంబరు ప్లేటు. బాగుంది. పదిహేనేళ్లు దాటితే ముసలిది, యాభై దాటితే పూజ్యురాలు. మధ్యలో ముప్పయి అయిదేళ్లు అది ఎవరి గుమ్మంలో పడి వుండాలి? దీపం వెలగాలని చట్టం అడుగుతుంది, ఆ దీపం ఎవరు అమ్మాలో మాత్రం చెప్పదు. కోడలు చీర మార్చుకుని రావాలనీ, బీరువా తాళం మాత్రం ఇవ్వననీ అన్నట్టుంది వరస.

నాలుగోది కాస్త బరువైన వాదన. ఎప్పుడో చేసిన కారు భాగాలు ఎల్లకాలం గోదాముల్లో పెట్టుకుని కూర్చోగలమా అని అడుగుతారు. కూర్చోలేరు, ఒప్పుకుంటాను. కాని మనసుంటే మార్గం వుందని జపాన్‌వాళ్లే చూపించారు. మాజ్దా 2017లో ఆ మొదటి తరం బండిని తిరిగి కొత్తగా చేసిచ్చే పని తలకెత్తుకుంది. పైకప్పు గుడ్డ, చక్రాల టైర్లతో సహా మళ్లీ చేయించింది. అదే సంవత్సరం నిస్సాన్ తన పాత స్కైలైన్ జీటీఆర్ భాగాలు మళ్లీ అమ్మడం మొదలుపెట్టింది. 2020లో టయోటా తన పాత సుప్రా కార్ల భాగాలు తిరిగి చేస్తామంది. 1993లో వచ్చిన సుప్రాకి చేస్తామన్న వాటిలో ముందుదీపాలు కూడా వున్నాయి. ధర తక్కువని నేననను. అసలు దొరుకుతుందా అంటే దొరుకుతుంది. సరే, అందరూ అంత చెయ్యలేరనే అనుకుందాం. చెయ్యలేనివాళ్లు కనీసం ఆ భాగం నక్షా బయటపెట్టొచ్చు కదా? తాము అమ్మరు, ఇంకొకర్ని చెయ్యనివ్వరు. గడ్డివాము దగ్గర కుక్క కాపలా అంటే ఇదే.

చెయ్యనివ్వకపోవడానికి కంపెనీల చేతిలో వున్న ఆయుధం పేరు డిజైను హక్కు. కొత్త ఆకారం కల్పించినవాడికి దానిమీద హక్కుండాలి, కాదనను. రాసుకు బతికేదాన్ని, నా నవల ఎవడో తన పేరుతో అచ్చేసుకుంటే నేనూరుకుంటానా? మన 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం ఆ హక్కు పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదు. మొత్తం పదిహేను. కారు మొదటి రిజిస్ట్రేషనూ పదిహేనే! ఇంకొకరు ఆ దీపాన్ని నిర్భయంగా చెయ్యగలిగే రోజొచ్చేసరికి కారుకి ముసలిదన్న పేరు పడిపోతుంది. ఎవరికీ అక్కర్లేనప్పుడు వచ్చే స్వేచ్ఛ ఏం స్వేచ్ఛ? కారు ఆకారాన్ని కాపీ కొట్టి కొత్త కారు అమ్మడం వేరు. ఒకసారి డబ్బు పోసి కొన్న కారుకి పగిలిన కన్ను అదే ఆకారంలో పెట్టుకోవడం వేరు. మొదటిది దొంగతనం, రెండోది వైద్యం.

ఈ తేడాని ఐరోపా దేశాలు పట్టుకున్నాయి. 2024లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన కొత్త డిజైన్ల ఆదేశంలో, వస్తువుని మునుపటి రూపానికి తేవడానికి వాడే విడిభాగం మీద డిజైను హక్కు చెల్లదన్నారు. పాత హక్కులున్న దేశాలకి 2032 దాకా గడువిచ్చారు. ఆలస్యమే, అయినా తలుపు తెరిచారు.

మన దగ్గరా అసలేం జరగలేదనుకోకండి. 2014 ఆగస్టులో మన కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. నేరమేమిటో తెలుసా? అసలు విడిభాగాలు బయటి బజార్లో దొరక్కుండా చెయ్యడం, బయటి మెకానిక్కులకి మరమ్మతు పుస్తకాలూ పరీక్ష పరికరాలూ ఇవ్వకపోవడం. నేను కోపంలో అంటున్న మాటనే కమిషన్ శాంతంగా, కాగితం మీద రాసిందన్నమాట. ఆ తర్వాత అది అప్పీళ్లకెక్కింది. 2022 జులైలో వినియోగదారుల శాఖ "మరమ్మతు హక్కు" మీద ఒక సంఘం వేసింది. వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు, ఇంటి యంత్రాలతో పాటు మోటారు వాహనాల్నీ అందులో చేర్చింది. అదే డిసెంబరులో దానికి పోర్టల్ పెట్టారు. సంతోషమే. కాని సంఘం వేరు, పోర్టల్ వేరు, చట్టం వేరు. పెళ్లి సంబంధం మాట్లాడటానికీ మెళ్లో తాళి పడటానికీ మధ్య ఎంత దూరముందో ఆడపిల్లని కన్నవాళ్లనడగండి.

ఇంతకీ ఈ పోట్లాటలో అందరూ మరిచిపోయే మనిషి ఒకడున్నాడు. విజయవాడ ఆటోనగర్లోనో, చెన్నై పుదుపేటలోనో, ఢిల్లీ మాయాపురిలోనో చేతులకి నల్ల గ్రీజు, చెవి మీద బీడీ పెట్టుకుని కూర్చునే పనివాడు. పగిలిన గిన్నెకి కొత్త మెరుపు పెట్టించగలడు. విరిగిన కొక్కెం లాంటిదే లేతు మీద తీసివ్వగలడు. వాడికి కావలసింది సరైన కొలత, అసలు సరుకు, కాస్త గౌరవం. అసెంబ్లీ అనే మాట వాడి నోటి ముందర కూడు తీసేస్తోంది. విప్పడానికి మర లేకుండా జిగురేసి అతికించిన వస్తువు ముందు ఎంత పనివాడైనా నోరు తెరుచుకుని నిలబడవలసిందే. విప్పలేనిదాన్ని నేర్చుకోలేం. నేర్చుకోలేనివాళ్లు చివరికి పెట్టె మార్చే కూలీలవుతారు. మూడు తరాల చేతి విద్య మనకి తెలియకుండానే జిగురులో కూరుకుపోతోంది.

కాబట్టి నేనడిగేది ఇదీ. దీపాన్ని భాగాలుగా అమ్మాలి. తొడుగుకి నంబరు, గిన్నెకి నంబరు, మోటారులో గింజకి కూడా నంబరు. కారు అమ్మడం మానేశాక ఎన్నేళ్లదాకా వాటిని ఇస్తారో కారు అమ్మే రోజునే కాగితం మీద రాసివ్వాలి. గ్యాస్ పొయ్యి కొంటే గ్యారంటీ కార్డు అడిగి తీసుకుంటాం, లక్షలు పోసి కొనేదానికి ఆ మాత్రం రాయించుకోకూడదా? ఆ గడువు తీరాక నక్షాలు బయట పెట్టాలి. ఎవరు చేసినా సరే, ఆ దీపాన్ని ప్రభుత్వం పరీక్షించి, నెగ్గినదానికి ముద్ర వెయ్యాలి. ఇక కొత్త కార్లకి ఆకారం మీ ఇష్టం, లోపల వెలిగే గుండెకాయ మాత్రం పదిమందికీ పట్టే కొలతలో వుండాలి. 1940లో సాధ్యమైంది ఇప్పుడు సాధ్యం కాదంటే, మనం ముందుకి పోతున్నామో వెనక్కి పోతున్నామో మీరే చెప్పండి.

ఇవన్నీ వచ్చేలోగా మనం చెయ్యగలిగింది కూడా ఒకటుంది. ఈసారి కౌంటరు వెనకాల కుర్రాడు "అసెంబ్లీ మార్చాలండీ" అన్నప్పుడు తలూపి డబ్బు తియ్యకండి. "లోపల ఏం పోయింది నాయనా? విప్పి చూపించు" అనండి. విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. పదిమంది అడిగితే పదకొండో మనిషికి విప్పి చూపిస్తాడు. కూరగాయల బజారులో వంకాయ పుచ్చో మంచో తిప్పి తిప్పి చూసి గాని బుట్టలో వేసుకోని జాతి మనది. కారు దుకాణంలో మాత్రం మూట కట్టిందే ప్రసాదమని ఎందుకు కళ్లకద్దుకోవాలి?